మోటారు సైకిలుకు జీర్ణోద్ధరణము

జీర్ణోద్ధరణ మను మాట మనకు దేవాలయములతో ముడిపడినది. గోపురము బీటలు వారినప్పుడు, మండపపు కప్పు కురియుచున్నప్పుడు ఊరి పెద్దలు చందాలు పోగుచేసి స్థపతిని పిలిపింతురు. ఏ రాయి ఉండవలెనో, ఏ రాయి మారవలెనో అతడు చూచి చెప్పును. ఎంత మార్చినను అది ఆ గుడియే అని జనులు చెప్పుకొనగలుగు హద్దు ఒకటున్నది. ఆ హద్దు తెలిసినవాడే స్థపతి. ఈ మాటను ఒక పాత మోటారు సైకిలుకు వాడుట విని కొందరు శ్రోతలు నవ్వవచ్చును. నవ్విన తరువాత కొంచెము వినవలెనని నా మనవి.

పాత బండ్ల అభిమానులు ప్రత్యేకముగా వెదకునవి 'ఎండ్యూరో' రకపు బండ్లు. ఎండ్యూరో వేగపు పందెము కాదు, ఓర్పు పందెము. 1913లో ఇంగ్లండునందలి కార్లైలు పట్టణము కేంద్రముగా మొదటిసారి జరిగిన ఆరుదినముల అంతర్జాతీయ పరీక్ష దీనికి మూలము. 1981 నుండి ఆ పరీక్ష పేరులోనే ఎండ్యూరో అను మాట చేరినది. అడవి బాటలు, కొండవాలులు, వాగులు, బురద దాటుకొని చెప్పిన వేళకు చెప్పిన చోటు చేరవలెను. ఆలస్యమైన ప్రతి నిమిషమునకు శిక్ష పడును. బండి చెడిపోయినచో ఎక్కినవాడే తన వెంట తెచ్చుకొన్న పనిముట్లతో బాగుచేసికొనవలెను. అన్నిటికంటె ముచ్చటైన నియమము మరియొకటి కలదు. పందెమునకు ముందే అధికారులు చట్రము, ఇంజను పెట్టె మొదలైన ముఖ్యాంగములపై గుర్తులు వేయుదురు. ఆరవనాడు ఆ గుర్తులతో ఆ భాగములే తిరిగి రావలెను. చైను మారవచ్చును, టైరు మారవచ్చును. చట్రము మారినచో అది వేరు బండి. పందెములో దానికి చోటు లేదు. స్థపతి హద్దు వంటిదే ఇదియును.

ఈ పరీక్షలో ఒకప్పుడు చెకోస్లొవేకియా జట్టుకు ఎదురు లేకుండెను. 1970 నుండి 1974 వరకు వరుసగా ఐదేండ్లు ప్రధానమైన ట్రోఫీ వారికే దక్కినది. వారి బండ్లు జావా, సీజెడ్. జావా అనగానే మనకు తూర్పు సముద్రపు ద్వీపము తోచును గాని దానికిని దీనికిని సంబంధము లేదు. యానెచెక్ అను చెకు పారిశ్రామికుడు 1929లో వాండరర్ అను జర్మను సంస్థ నుండి మోటారు సైకిలు నిర్మాణపు హక్కులు కొని, తన పేరులోని మొదటి అక్షరములను ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరములతో కలిపి ఈ పేరు పెట్టెను. చెకు ప్రజలు దానిని 'యావా' అని పలుకుదురు. మనవారు జావా అనియే పిలిచిరి, అదియే నిలిచినది.

మైసూరులోని యాదవగిరిలో ఐడియల్ జావా కర్మాగారము 1961లో ప్రారంభమైనది. చెకు దేశమున 1954లో పుట్టిన 353వ నమూనా బండి అచ్చట తయారైనది. 1973 నుండి ఆ కర్మాగారపు బండ్లకు యెజ్డీ అను పేరు వచ్చినది. 1996లో కర్మాగారము మూతపడినది. మైసూరు జావా అడవి పందెములకు చేసినది కాదు, గృహస్థు బండి. కాని పందెపు బండ్లకు పినతల్లి బిడ్డ. మన ప్రాంతమున ఎండ్యూరో బండి యెక్కడ అని అడిగినవారికి ఈ చుట్టరికమే నా సమాధానము. ఆ చుట్టరికమును కొల్లేటి బురద నిజము చేసినది.

దెందులూరు నైసర్గికముగా ఒక సరిహద్దు వంటిది. మదరాసు నుండి కలకత్తాకు పోవు పెద్ద బాట ఈ ఊరి మీదుగా పోవును. ఆ బాటకు ఉత్తరమున మెట్ట, ఎఱ్ఱనేల; వేంగి రాజుల పెదవేగి ఆ వైపుననే కలదు. దక్షిణమున పల్లము, నల్లరేగడి, వరిచేలు, చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. వాన కురిసిన రెండు గంటలకు ఎఱ్ఱనేల మీద నడువవచ్చును. నల్లరేగడి మీద రెండు దినములైనను నడువలేము. ఆ మన్ను చక్రమునకును మడ్‌గార్డుకును నడుమ దూరి గట్టిపడి, చక్రమును కదలనీయదు. అందువలన గట్ల మీద తిరుగువారు ఒక కఱ్ఱపుల్లయో, పాత దోకుడుపారయో సీటు క్రింద పెట్టుకొనెడివారు. ఫర్లాంగుకొకసారి దిగి మన్ను గీకుట వారికి నిత్యకృత్యము. ఐరోపా అడవులలో పతకములకై పడిన శ్రమను మనవారు పాల క్యానులకై, ధాన్యపు బస్తాలకై పడిరి. వీరికి పతకములు లేవు. సాయంకాలమునకు ఇల్లు చేరుటయే బహుమానము.

ఆ పనికి జావా ఎట్లు ఒదిగినదో యంత్రమును చూచిన తెలియును. దాని సిలిండరు అడ్డుకొలత 65 మి.మీ., పిస్టను పోవు దూరము 75 మి.మీ.; అనగా వెడల్పు కంటె పొడవు ఎక్కువ. ఇట్టి ఇంజను మెల్లగా తిరుగుచునే గట్టిగా లాగును. అశ్వశక్తి సుమారు 12 మాత్రమే యైనను బురదలో కావలసినది వడి కాదు, పట్టు. చైను చుట్టును రేకు పెట్టె పూర్తిగా మూసియుండుటచే మన్ను లోపలికి పోదు. గేరు వేయు కడ్డీయే లోపలికి నొక్కి త్రిప్పినచో స్టార్టు చేయు కడ్డీ యగును. గేరు మార్చునప్పుడు కాలితో కడ్డీని కదలించుటతోనే క్లచ్చు దానంతట విడివడును. ఎడమచేతితో క్లచ్చు పట్టుట అవసరము లేదు. ఒక చేత్తో బస్తా పట్టుకొని బండి నడిపిన రైతు ఈ సౌకర్యపు విలువ యెరుగును. (ఒక చేత్తో నడుపుమని నేను చెప్పుట లేదు.)

1984, 85 సంవత్సరములలో జపాను సంస్థల సహకారముతో 100 సి.సి. బండ్లు దేశమున వచ్చినవి. తక్కువ పెట్రోలుకు ఎక్కువ దూరము పోవు ఆ బండ్ల ముందు జావాలు నిలువలేకపోయినవి. పశువుల పాకలలోనికి, గడ్డివాముల చాటునకు చేరినవి. కొన్నిటి ఇంజనులు నీరు తోడుటకు పనికివచ్చినవి. కొన్ని పాత ఇనుము క్రింద తూకమునకు పోయినవి. మిగిలినవాటికే ఇప్పుడు గిరాకి.

దెందులూరు సమీపమున నేను చూచిన బండి అట్లు మిగిలినది. తండ్రి కొన్న బండిని కుమారుడు, ఇప్పుడు చేపల చెరువుల రైతు, బాగుచేయింప దలచెను. పని చేపట్టిన మేస్త్రీకి డెబ్బది దాటినవి. మనుమడికి ఇరువది రెండేండ్లు. అతని కోరిక వేరు. మడ్‌గార్డులు కోసివేసి, సైలెన్సరు పైకెత్తి, గుబ్బల టైర్లు వేసి, బండిని అచ్చమైన ఎండ్యూరోగా మార్చవలెనని అతని పట్టుదల. ముగ్గురి మధ్య జరిగిన మాటలు విన్నాను.

"తాతగారూ, ఎలాగూ అంతా విప్పేశారు కదండీ, ఆ రేకులు కోసేస్తే గట్టుమీద మన్ను పట్టదు కదా" అని కుఱ్ఱవాడు.

"కోసిన రేకు మళ్లీ మొలవదు బాబూ. ఎగిరే బండి కావాలంటే ఏలూరులో షోరూములున్నాయి. ఇలాంటిది అక్కడ దొరకదండి, ఆయ్" అని మేస్త్రీ.

"బాబాయ్, నాకు మాత్రం మా నాన్నగారు నడిపినట్టే ఉండాలి. అంతే" అని రైతు.

ఈ తగవు చిన్నది కాదు. పాత వస్తువును ముట్టుకొను ప్రతివాడును ఎదుర్కొనవలసినదే. నా అభిప్రాయము మేస్త్రీ వైపే మొగ్గును. కాని కుఱ్ఱవానిది కేవలము తప్పని అనలేను. గుబ్బల టైరు వేయవచ్చును, రేపు తీసివేయవచ్చును. వెడల్పాటి హ్యాండిలు బిగింపవచ్చును, పాతదానిని అటక మీద దాచవచ్చును. మరల వెనుకకు తీసికొనగలిగిన మార్పులో దోషము లేదు. రంపము పెట్టిన చోట మాత్రము వెనుకకు దారి లేదు. ఈ తేడా చెప్పిన పిమ్మట కుఱ్ఱవాడు టైర్లతో తృప్తిపడెను. కొంత గొణిగెననుట కూడ చెప్పవలెను.

ఇక పని సంగతి. విప్పుట సులభము, విప్పినది ఏ చోటిదో జ్ఞాపకముంచుకొనుట కష్టము. పూర్వము మేస్త్రీలు గోనెపట్టా పరచి, విప్పిన వరుసలో మరలను, వాషర్లను పేర్చెడివారు. పిల్లి తొక్కినచో ఆనాటి పని వృథా. ఇప్పుడు చేతిఫోనులో ప్రతి మెట్టునకు బొమ్మ తీసికొనవచ్చును. ఈ ఒక్క విషయమున నేటివాడు అదృష్టవంతుడు.

ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనులో పిస్టను తుప్పుతో సిలిండరును పట్టుకొని యుండును. సుత్తితో కొట్టుట మహాపరాధము. ప్లగ్గు రంధ్రము గుండ డీజిలును పలుచని నూనెను కలిపి పోసి, దినముల తరబడి నానవిడువవలెను. ఊడిన తరువాత సిలిండరు గోడలను కొలిచి, అరుగుదల యున్నచో లేతు పనివానిచే బోరు పట్టించి, మి.మీ.లో నాలుగవ వంతు పెద్దదైన పిస్టను వేయుదురు. ఒక్కొక్క బోరుకు సిలిండరు ఆయువు కొంత తరిగిపోవును. కనుక ఎంత తక్కువ కోసిన అంత మేలు.

రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు పెట్టె కూడ ఊపిరితిత్తి వంటిదే. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము ముందు ఆ పెట్టెలోనికి వచ్చి, అచ్చట నొక్కబడి, తరువాత సిలిండరులోనికి ఎగబ్రాకును. పెట్టెలో సూదిమొన యంత సందున్నను ఊపిరి చెదరును. క్రాంకు రెండు ప్రక్కలను రబ్బరు ఆయిలు సీళ్లుండును. డైనమో వైపు సీలు పాడైనచో బయటి గాలి దూరి ఇంజను అదుపు తప్పి వేడెక్కును. ప్రాథమిక చైను వైపు సీలు పాడైనచో గేరు పెట్టెలోని నూనెను పీల్చి తెల్లని పొగ క్రక్కును. ఊరివారు 'దోమల మందు బండి' అని ఎగతాళి చేయుదురు. ఎంతో ఖర్చుపెట్టి రంగులు వేయించి, చవుకైన సీలు మార్పించనివారు కలరు. మేస్త్రీ ఈ సీళ్లను కళ్లద్దాలు తుడుచుకొని మరీ చూచెను. పెట్టె మూసిన పిదప సైకిలు పంపుతో మెల్లగా గాలి యెక్కించి, కీళ్లపై సబ్బునీరు రాచి, బుడగ లేచునేమో కనిపెట్టెను. పంక్చరు వేయువాని విద్యయే యిది. కాని ఎంత సూక్ష్మము!

క్రాంకు ముక్కలు ఒకదానిలో ఒకటి అదుమబడి యుండును. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినచో ప్రెస్సు మీద విడదీసి, క్రొత్త పిన్ను వేసి, మరల అదిమి, రెండు మొనల మధ్య త్రిప్పి, డయలు గేజీతో వంకర చూడవలెను. మి.మీ.లో కొన్ని నూరవ వంతులకు మించి ఊగరాదు. మేస్త్రీ రాగి సుత్తితో ఒక దెబ్బ వేసి, ముల్లు చూచి, మరియొక దెబ్బ వేయుచు అరపూట గడిపెను. ఏ ప్రక్కన, ఎంత బలముతో కొట్టవలెనో పుస్తకములో లేదు. ఆయన కుమారుడు వేరు వృత్తిలో ఉన్నాడు. షెడ్డులో శిష్యుడు లేడు. బండికి కావలసిన భాగములు అచ్చు పోయించవచ్చును గాని ఈ చేతివాటమును ఏ ఫౌండ్రీయు పోయలేదు. కుఱ్ఱవాడు ఆ అరపూటయు ప్రక్కన కూర్చుండి ముల్లు చదివి చెప్పుచుండెను. ఇంజను స్పార్కు వేళను సరిచేయునప్పుడు పాయింట్ల మధ్య పలుచని సిగరెట్టు కాగితము పెట్టి, అది జారిన క్షణమును పట్టుకొనుట కూడ అతడే చేసెను.

క్లచ్చు పలకలలో బెండు ముక్కలు పొదిగి యుండును. వానిని బిగించుటకు ముందు నూనెలో నానబెట్టవలెను. పొడిగా వేసినచో మాడిపోవును. సైలెన్సర్లలో పేరుకొన్న మసిని తీయుటకు లోపలి గొట్టములను వరిగడ్డి మంటలో కాల్చుట మనవారి పద్ధతి. జావాకు సిలిండరు ఒక్కటే గాని సైలెన్సర్లు రెండు. అందుచే గడ్డియు రెండింతలు.

పెట్రోలు ట్యాంకు విషయమున నేటి యజమాని పూర్వులకు లేని చిక్కును ఎదుర్కొనుచున్నాడు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. చెరకు నుండి, నూకల నుండి, మొక్కజొన్న నుండి తీయునది ఈ ఇథనాలు. దెందులూరు మెట్టలో పండిన మొక్కజొన్నయే ఒకనాడు ఈ ట్యాంకులోనికి తిరిగి వచ్చినను ఆశ్చర్యము లేదు. రైతుకు అది మంచి వార్త. పాత బండికి కాదు. ఇథనాలు గాలిలోని చెమ్మను పీల్చుకొనును. కొల్లేటి గాలిలో చెమ్మకు కొదవ లేదు. నీరు ఎక్కువైనచో అడుగున వేరుపడి ట్యాంకును తుప్పు పట్టించును, పాత రబ్బరు గొట్టములను ఉబ్బజేయును. కనుక ట్యాంకులో గులకరాళ్లు పోసి గిలకొట్టి, ఆమ్లముతో కడిగి, వెంటనే ఆరబెట్టి, లోపల పూత వేయించవలెను. గొట్టములను ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్చవలెను. బండిని నెల దినములు నిలుపదలచిన యెడల కార్బ్యురేటరును పూర్తిగా ఖాళీ చేయవలెను. పెట్రోలుతో కలుపవలసిన నూనెను, ఆ నాటి జావాకు ఇరువదియైదు పాళ్లకు ఒక పాలు చొప్పున, కొలపాత్రతో పోయవలెను. కంటి కొలత పనికిరాదు.

నికెలు, క్రోమియము పూతలను గూర్చి ఒక మాట. ట్యాంకు ప్రక్కల మెఱుపే జావాకు ముఖశోభ. రాగి, నికెలు, క్రోమియము ఒకదానిపై ఒకటి వేసిననే ఆ మెఱుపు నిలుచును. రాగి మానివేసి చవుకగా చేయించినది ఉప్పుగాలికి త్వరగా పొక్కును. ఆ పూత తొట్ల నీరు మహావిషము. దానిని ఏ కాలువలోనో వదలినచో చివరకు చేరునది కొల్లేటికే. 2002 నుండి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలల పట్టికలో ఉన్న సరస్సది. వ్యర్థజలమును శుద్ధి చేయు దుకాణమునకే పని యిచ్చుట మన చేతిలోనున్నది. నాలుగు వందలు ఎక్కువైనను మంచిదే.

ఇక రైతు తేల్చుకొనవలసిన అసలు చిక్కు చట్టములో ఉన్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనముల నమోదుకు ప్రత్యేక నియమములు చేసినది. మొదటి నమోదు నుండి 50 ఏండ్లు దాటి, చట్రము, ఇంజను మొదలైనవి మార్పు లేక మూలరూపముననున్న బండికి 'వి.ఏ.' అక్షరములతో ప్రత్యేక సంఖ్య లభించును. క్రొత్త నమోదుకు రూ. 20,000, మరల నమోదుకు రూ. 5,000 అని నిర్ణయించిరి. నమోదు 10 ఏండ్లు చెల్లును. ఇంతవరకు ఎండ్యూరో గుర్తుల నియమమే మనకు మరల కనిపించుచున్నది. కాని ఆ నియమములలోనే మరియొక మాట కలదు: అట్టి బండిని నిత్యము బాట మీద నడుపరాదు, వ్యాపారమునకు వాడరాదు. ప్రదర్శనకు, పాత బండ్ల ఊరేగింపునకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయవచ్చును.

బురదలో ఓర్చుకొనుటయే పుట్టుకగా గల బండికి ఇది గౌరవమా, గృహనిర్బంధమా? ప్రతి జూలై రెండవ ఆదివారమున జావా, యెజ్డీ అభిమానులు జరుపుకొను పండుగకు పోవుటకు వి.ఏ. సంఖ్య చాలును. చెరువు గట్టుకు మేత బస్తా మోయుటకు చాలదు. రెండవ దారి సాధారణ పద్ధతి: 15 ఏండ్లు దాటిన బండికి పరీక్ష చేయించి, ఐదేండ్లకొకసారి నమోదు పొడిగించుకొనుట. దీనిలో బిరుదు లేదు గాని స్వేచ్ఛ కలదు. నన్నడిగిన యెడల గట్టు మీద తిరుగు బండికి రెండవ దారియే మేలందును. రైతు కూడ అటే మొగ్గుచున్నాడు. మేస్త్రీ అయితే ఊరేగింపులో తన పని పదిమంది చూడవలెనని ఆశపడుచున్నాడు. ఆ ఆశను నేను తక్కువ చేయను.

ఏ దారి పట్టినను మొదట కావలసినది నమోదు పుస్తకము. అది తండ్రి పేరనే ఉండిపోయినచో వారసుడు 31వ నంబరు ఫారము ద్వారా తన పేరునకు మార్పించుకొని, 25వ నంబరు ఫారముతో పొడిగింపు కోరవలెను. ఎంతో ధనము వెచ్చించి బండి సిద్ధము చేసిన తరువాత పుస్తకము చెదలు తిన్నదని తెలిసికొన్నవారు కలరు. తనిఖీ అధికారి చట్రముపై అంకెలను పుస్తకములోని అంకెలతో సరిచూచి, కాగితము పెట్టి పెన్సిలుతో అద్దకము తీయును. అందుచే రంగు వేయువానికి ముందుగానే చెప్పి ఉంచవలెను: అంకెలున్న చోట లప్పము పూయరాదు, పూత పలుచగా ఉండవలెను, పెన్సిలు రాచినచో ప్రతి అంకెయు కాగితముపై తేలవలెను.